ఆరో కాగితం

పొద్దున ఏడు కొట్టేసరికి థవిన్ మా జావ దుకాణం ముందు నుంచి బున్మాను వీపున వేసుకుని వెళ్ళేవాడు. ఉబోన్ అక్క స్నూకర్ హాలు మా పక్కనే, బట్టల కొట్టు పై అంతస్తులో. పంతొమ్మిది మెట్లు. బున్మా కాళ్ళు రెండూ చచ్చుబడిపోయి థవిన్ నడుముకి అటూ ఇటూ తడి తువ్వాళ్ళలా వేలాడుతుండేవి. ఎడమ చెయ్యి కూడా అంతంతమాత్రం. నోరు మాత్రం నిక్షేపంలా ఉండేది.

“మెల్లిగారా ఎద్దూ! నేనేమన్నా బియ్యం బస్తానా?”

“బస్తా అయితే మాట్లాడదు కదన్నా.”

“ఓహో, నోరొక్కటే మిగిలిందని బాధగా ఉందా? దాన్ని కూడా తన్ను, ఓ పనైపోద్ది.”

ఆ మాటకి థవిన్ అతన్ని వీపు మీద సర్దుకుని నడిచేవాడు. జావ తాగుతున్న వాళ్ళు తలలు వంచుకుని గిన్నెల్లోకి చూసేవారు. బున్మా మెడ విరగ్గొట్టింది థవినే. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే అది.

థవిన్ మనిషిని చంపగల చేతులతో పుట్టాడని మావాళ్ళు అంటారు. అలా ఎవరూ పుట్టరు. పదేళ్ళప్పుడు తండ్రి అతన్ని, కాళ్ళతో మోచేతులతో కూడా కొట్టే మా బాక్సింగ్ నేర్పే శిబిరంలో వదిలి వెళ్ళిపోయాడు. అక్కడ తెల్లారకముందే లేపి అరటిబోదె ముందు నిలబెట్టేవారు. బోదె నారనారగా విడిపోయేదాకా ముంగాలితో, మోకాలి కింది ఎముకతో, తన్నాలి. ఏడిస్తే గురువు బెత్తంతో పిక్కల మీద కొట్టేవాడు. కొన్నాళ్ళకి బోదె ఉన్న చోటికి మనుషులు వచ్చారు. ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి ఇద్దరికి దవడలు విరగ్గొట్టాడు, ఒకతని ఎడమ కన్ను తీశాడు.

ఆ ఏడు కోతలయ్యాక బౌద్ధ ఆరామం తిరునాళ్ళకి పొలంలోనే రింగు కట్టారు. నేను రింగు పక్కన జావకుండతో ఉన్నాను. బున్మా థవిన్ కంటే రెండేళ్ళు పెద్ద, చెయ్యి తిరిగినవాడు, నవ్వుతూ కొట్టేవాడు. మూడో రౌండులో అతని మోచెయ్యి తగిలి థవిన్ కనుబొమ్మ చీలింది. నెత్తురు కంట్లోకి దిగింది. అక్కణ్ణించి ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని డొక్కల్లో మోకాళ్ళతో పొడుచుకున్నారు. చెమటా నెత్తురూ కలిసి ముందు వరస వాళ్ళ చొక్కాల మీద చింది పడ్డాయి. ప్రతి పోటుకీ జనం ‘ఓయ్! ఓయ్!’ అని అరుస్తున్నారు. నేనూ అరిచాను. భగవంతుడు నన్ను క్షమించాలి.

గంట కొట్టారు. బున్మా చేతులు దించేసి తన మూలకి తిరిగాడు. థవిన్ కుడికాలు గంటకు ముందు లేచిందో తర్వాత లేచిందో అతనికే తెలీదు. లేచింది, ఆగలేదు. ముంగాలి ఎముక వచ్చి బున్మా మెడ మీద పడింది. చెరుకుగడ విరిచినట్టు చప్పుడైంది. బున్మా ముఖాన నవ్వు ఇంకా పోకుండానే మనిషి కూలిపోయాడు. జనం రెండు క్షణాల పాటు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఒక్కొక్కరే చేతులు దించారు.

థవిన్ మళ్ళీ రింగెక్కలేదు. ఒక వర్షావాసం, అంటే వానాకాలం మూడు నెలలు, భిక్షువుగా ఉండి వచ్చాడు. వచ్చిన మర్నాడే బున్మా ఇంటికెళ్ళి వాకిలి ఊడ్చాడు. బున్మా తల్లి చీపురు తిరగేసి వీపు మీద బాదింది. అరడజను దెబ్బలు తిని మళ్ళీ ఊడ్చాడు. ఆ తల్లి పోయాక బున్మాకి స్నానం, అన్నం, మోత అన్నీ అతనివే అయ్యాయి. థవిన్ పెళ్ళాం లమ్యాయ్ కూరగాయలమ్ముకుని వచ్చి, మొగుడి బట్టలతో పాటు బున్మా బట్టలూ ఉతికేది. ఇంకొకరి మలమూత్రాల గుడ్డలు పదేళ్ళు ఉతికిన చేతులవి. ఆవిడ ఒక్కనాడూ ముక్కు చిట్లించగా నేను చూడలేదు. ఉబోన్ అక్క బున్మాకి హాల్లో లెక్క చెప్పే పనిచ్చింది. కుర్చీలో కూర్చుని, పొడుగాటి పుల్లతో గోడ మీది పలకలో అంకెలు జరిపేవాడు.

థవిన్ కోరింది ఒకే ఒక్క మాట. ‘అహోసి.’ దెబ్బ తిన్నవాడు కొట్టినవాడితో పైకి వినబడేలా ఆ మాట అంటే ఇద్దరి మధ్యా కర్మ తెగిపోతుంది. మనసులో అనుకుంటే చాలదు. అనకుండా ఇద్దరిలో ఒకరు పోతే అది వచ్చే జన్మకీ వెంటపడుతుంది. ఏటా కొత్త సంవత్సరం పండక్కి థవిన్ పళ్ళెంలో పూలూ, అగరొత్తులూ, కొవ్వొత్తీ పెట్టుకుని బున్మా ముందు మోకరిల్లేవాడు. మొదటి ఏడు బున్మా అతని ముఖాన ఉమ్మేశాడు. రెండో ఏడు పళ్ళెం విసిరాడు. దాని అంచు తగిలి థవిన్ పై పెదవి తెగింది. తర్వాత తర్వాత “వచ్చే ఏడు చూద్దాంలే” అనడం మొదలుపెట్టాడు. అదే నయమనుకున్నాం.

ఎనిమిదో ఏడు పళ్ళెం కేసి చూసి అన్నాడు:

“రెండు మాటలు చెప్తా, విను. ఒకటి, ఈ జన్మలో ఇంకో మనిషి మీద చెయ్యెత్తావా, ఇక నన్నడక్కు. చచ్చేదాకా అడక్కు.”

“అలాగే అన్నా.”

“రెండోది. నీకు కొట్టడం వచ్చు, ఆపడం రాదు. అది నేర్చుకో. అదుగో ఆ టేబుల్ మీద నేర్చుకో.”

నియమం ఇదీ. టేబుల్ మీద ఆరు రంగు బంతులూ వాటి చోట్లలో ఉంటాయి. పసుపు, ఆకుపచ్చ, గోధుమ, నీలం, గులాబీ, నలుపు వరసగా పాకెట్లలో వెయ్యాలి. వేసిన ప్రతిసారీ, క్యూ కర్రతో నేరుగా కొట్టే తెల్లబంతి వచ్చి బున్మా పెట్టించిన కాగితం మీద ఆగాలి. ఆరు బంతులకి ఆరు కాగితాలు. మూతి తుడుచుకోవడానికి మా దుకాణంలో ఉండే పల్చటి గులాబీరంగు కాగితాన్ని అరచేతిలో సగమంత చింపి వాడేవారు. “ఆరో కాగితం మీద ఆగిన రోజు ఆ మాటంటా” అన్నాడు బున్మా.

అలా మొదలైంది. రోజూ పొద్దున గిరాకీలు రాకముందు గంటసేపు ఆడుకోమంది ఉబోన్ అక్క. దీపం ఖర్చు అడగలేదు. పైగా ఇనప పెట్టె వేడి చేసి టేబుల్ గుడ్డ ఇస్త్రీ చేసి ఉంచేది. నేను జావ పట్టుకెళ్ళి ఓ మూల కూర్చునేవాణ్ణి.

మొదటి ఏడంతా చూడలేకపోయాను. థవిన్ కొడితే రంగు బంతి పాకెట్ వెనక తోలుకి తగిలి తుపాకీ పేలినట్టుండేది. తెల్లబంతి అంచులు కొట్టుకుంటూ మూడు చుట్లు తిరిగి ఏదో పాకెట్లో తనూ పడేది. ఒకసారి టేబుల్ మీంచి లేచి కిటికీ పగలగొట్టింది. బున్మా దగ్గర విరిగిన క్యూ కర్ర మొదలు ఒకటుండేది. బంతి కాగితం దాటిన ప్రతిసారీ థవిన్ వచ్చి కుడిచెయ్యి చాపాలి, బున్మా ఆ కర్రతో కణుపుల మీద కొట్టాలి. బున్మాకి కుడిచెయ్యి బాగానే ఉండేది. చర్మం చిట్లేది. చిట్లిన చేత్తోనే మళ్ళీ క్యూ పట్టేవాడు. కర్ర పిడి మీద నెత్తురు జిగట. సాయంత్రం లమ్యాయ్ ఆ చేతికి పసుపు తైలం రాస్తూ ఏడ్చేది.

“ఇదేం న్యాయం బాబాయ్? ఆయన రోజూ కొట్టడం, ఈయన రోజూ తినడం!” అనేది నాతో.

న్యాయం సంగతి నాకేం తెలుసు! జావలో అల్లం ఎక్కువేసి ఇచ్చాను.

కానీ బున్మా చెప్పే తీరు మాత్రం గొప్పగా ఉండేది. ఒక్క బంతి కూడా కొట్టలేనివాడికి ఆటంతా కనపడేది.

“పడే బంతిని చూడకురా. అది పోయేదే. మిగిలేదాన్ని చూడు.”

“ఆ వెనక చేతిని పిడికిలి చేశావేంటి, ఎవణ్ణి గుద్దుతావు? ముసలమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తావు చూడు, అలా పట్టు.”

“తర్వాతి బంతికి మరీ తిన్నగా నిలబెట్టకు. తిన్నగా ఉంటే తెల్లది మొండికేసుద్ది. కొంచెం వాలు ఉంచుకో. ఆ వాలే దాన్ని చెయ్యి పట్టుకుని తర్వాతి చోటుకి తీసుకెళ్ళుద్ది.”

“వాన పడింది, గుడ్డ నీళ్ళు తాగింది. నిన్నటి దెబ్బ ఇవాళ జానెడు తక్కువొచ్చుద్ది. ముందు గుడ్డనడుగు, తర్వాత కొట్టు.”

రెండో ఏటికి థవిన్ చేతిలో ఏదో మారింది. క్యూ వెళ్ళి బంతిని తాకడం కాదు, పలకరించినట్టుండేది. నీలం పడ్డాక తెల్లబంతి దానంతటదే గులాబీ వైపు దొర్లుకుంటూ వచ్చి, కాగితం మీద, పిల్లి చాప మీద పడుకున్నట్టు పడుకునేది. నాలుగు కాగితాలయ్యాయి. ఐదయ్యాయి. ఐదు కాగితాలూ కుదిరిన రోజు ఉబోన్ అక్క పనసతొనలు పంచింది. దెబ్బలు కూడా తగ్గాయి.

ఆరోది మాత్రం కుదరలేదు. ఏడాదిపాటు కుదరలేదు. నల్లబంతి పడేది. తెల్లబంతి మెత్తగా అక్కడే ఆగిపోయేది, లేదా సగం దూరం వచ్చి నిలబడిపోయేది. ఆరో కాగితమేమో ఆ చివర, పసుపు బంతి చోటుకి వెనక మూలలో ఉండేది.

ఒకరోజు థవిన్ నీళ్ళకోసం కిందికి దిగినప్పుడు ఉబోన్ అక్క నడుం మీద చేతులు పెట్టుకుని బున్మా ముందు నిలబడింది.

“నేను ఇరవై ఏళ్ళుగా ఈ బల్లలు చూస్తున్నానయ్యా. ఐదో కాగితం నల్లబంతికి తిన్నగా పెడతావు. ఆరోదేమో ఊరవతల పెడతావు. మెత్తగా కొట్టమని చెప్పేదీ నువ్వే. మెత్తగా కొడితే అంతదూరం ఎట్లా వచ్చుద్ది?”

బున్మా నా వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. చాలాసేపు పుల్లతో కుర్చీ చెయ్యి గీకాడు.

“ఆ మాట వాడికిచ్చేశాననుకో అక్కా” అన్నాడు నేలచూపులు చూస్తూ, “ఎల్లుండి నుంచి నన్నెవరు మోస్తారు?”

అక్క చేతులు నడుం మీంచి జారిపోయాయి. థవిన్‌తో చెప్పకూడదని ఇద్దరం అనుకోనూ లేదు, చెప్పనూ లేదు. ఆ వేళ బున్మా జావలో ఇంకో గుడ్డు కొట్టి వేశాను. ఏం చెయ్యాలో తోచనప్పుడు మనిషి చేసే పని అది.

సియా కెంగ్ అనేవాడు మూన్ నదిలో ఇసక తోడించేవాడు. ధనవంతుణ్ణి సియా అంటాం గనక సియా అన్నాం గాని, వాడి దగ్గర పనిచేసి ఎదురు చెప్పిన ఇద్దరు నదిలో తేలారని జనం గుసగుసలు పోయేవారు. వాడికి స్నూకర్ పిచ్చి. భుజబలంతో కొట్టేవాడు. బంతులు పడేవి గాని, తెల్లబంతి ఎక్కడ తేలుతుందో వాడికీ తెలిసేది కాదు. పొరుగు తాలూకా మిల్లు యజమానితో పందెం ఆట పెట్టుకుని, సాధన కోసమని ఓ పొద్దున ఏడున్నరకే ఇద్దరు మనుషులతో హాలుకి వచ్చాడు. థవిన్ టేబుల్ ఖాళీ చేసి దణ్ణం పెట్టి పక్కన నిలబడ్డాడు.

కెంగ్ అరగంట ఆడాడు. చివరికి నల్లబంతిని పిడుగులా కొట్టాడు. అది పడింది. తెల్లబంతి టేబుల్ చుట్టూ తిరిగి తిరిగి మధ్య పాకెట్లో పడింది.

కుర్చీలోంచి బున్మా గొంతు వినిపించింది:

“గేదెను అదిలించినట్టు అదిలిస్తే ఎలాగండీ సియా? గేదెకైతే ఇంటిదారి తెలుసు. బంతికి తెలీదు కదా, గుంట కనబడితే దూకేసుద్ది.”

మెట్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. కెంగ్ మనుషుల్లో ఒకడు నవ్వాపుకున్నాడు. కెంగ్ అది చూశాడు.

నడిచి వచ్చి బున్మా కుర్చీని కాలితో తన్నాడు. కుర్చీ వెల్లకిలా పడింది, బున్మా తల నేలకి తగిలి దబ్బుమంది. ఒక్క చేత్తో తనని ఆపుకోలేని మనిషి. కెంగ్ బూటుకాలు డొక్కలో ఒకసారి, అక్కడే రెండోసారి దిగింది. లోపల ఏదో విరిగిన చప్పుడు నేను కూర్చున్న చోటికి వినబడింది. బున్మా నోట్లోంచి జావా నెత్తురూ కలిసి వచ్చాయి.

థవిన్ పరుగున వచ్చి మధ్యలో మోకరిల్లి రెండు చేతులూ జోడించాడు.

“తప్పైపోయింది సియా. ఆయన నోరంతే. కాళ్ళు లేని మనిషి సియా, నన్ను కొట్టండి.”

“నువ్వెవడివిరా? ఓహో, వీణ్ణి ఇలా చేసింది నువ్వే కదూ! మరి మిగిలింది నేను పూర్తి చేస్తే తప్పేంటి?”

క్యూ తిరగేసి లావాటి మొదలుతో థవిన్ ముఖం మీద కొట్టాడు. పాత కనుబొమ్మ మళ్ళీ చీలింది. థవిన్ చేతులు విప్పలేదు. రెండో దెబ్బ చెవి మీద, మూడోది భుజం మీద. నాలుగో దెబ్బకి క్యూ రెండు ముక్కలైంది. థవిన్ అలాగే జోడించిన చేతులతో మోకాళ్ళ మీద ఊగుతున్నాడు, నెత్తురు గడ్డం మీంచి చేతుల మీదికి కారుతోంది. నేను లేవబోయాను. కెంగ్ మనుషుల్లో ఒకడు నన్ను మెడపట్టి గోడకి అదిమాడు. ఉబోన్ అక్క ఎప్పుడో పోలీసుల కోసం కిందికి పరిగెత్తింది.

కెంగ్‌కి మోకరిల్లిన మనిషిని కొట్టడం విసుగొచ్చినట్టుంది. అతన్ని దాటి వెళ్ళి, పడి ఉన్న బున్మా మెడ మీద బూటు పెట్టాడు.

“నవ్వు” అన్నాడు. “ఇప్పుడు నవ్వు.”

బరువు మోపాడు. బున్మా కళ్ళు బయటికొచ్చాయి. ఊపిరందని గొంతు చేపలా కొట్టుకుంది.

థవిన్ జోడించిన తన చేతుల కేసి ఒక్కసారి చూసుకున్నాడు. ఏం పోగొట్టుకోబోతున్నాడో అతనికి తెలుసు, నాకూ తెలుసు. చేతులు విడిపోయాయి.

మొదటి మోచెయ్యి కెంగ్ దవడ మీద పడింది. దవడ పక్కకి జరిగి అక్కడే ఉండిపోయింది, వాడు కింద పడ్డాడు. కెంగ్ రెండో మనిషి వెనకనించి పట్టుకోబోతే వెనక్కి తలతో గుద్దాడు. వాడి ముక్కు చితికి గోడంతా ఎర్రచుక్కలు పడ్డాయి. నన్ను పట్టుకున్నవాడు నన్నొదిలి బాకు తీశాడు. థవిన్ ముంగాలితో వాడి తొడ మీద కొట్టాడు, వాడు బోదె కూలినట్టు కూలాడు. బాకు టేబుల్ కిందికి జారిపోయింది. కెంగ్ లేచి విరిగిన క్యూ ముక్కతో పొడవబోయాడు. థవిన్ ఆ చెయ్యి మడిచి తన మోకాలి మీద పెట్టి విరిచాడు. కెంగ్ జంతువులా అరిచాడు. ఇదంతా నేను మూడుసార్లు ఊపిరి తీసుకునేంతలో అయిపోయింది.

కెంగ్ మోకాళ్ళ మీద పడ్డాడు. తల ఊగుతోంది. విరగని చెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపించాడు. థవిన్ ఎడమ చెయ్యి వాడి జుట్టు పట్టుకుని ఉంది. కుడి మోకాలు లేచింది. దాని దారి నాకు తెలుసు, పదకొండేళ్ళ కిందట ఆ కాలిని చూసినవాణ్ణి. అది ముఖానికి తగిలితే ఆ ముఖం ఉండదు.

ఆగింది.

కెంగ్ ముక్కుకి బెత్తెడు ఇవతల, గాలిలో, మోకాలు నిలబడిపోయింది. తర్వాత మెల్లగా నేలకి దిగింది. థవిన్ జుట్టు వదిలేశాడు. బున్మా దగ్గరికెళ్ళి తల ఒళ్ళో పెట్టుకుని నోరు తుడిచాడు. “అన్నా, అన్నా” అంటూ ఏడ్చాడు. పోలీసులొచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.

కోర్టులో జడ్జి అడిగితే, కొట్టాను అన్నాడు. ముందు వాళ్ళు కొట్టారని ఉబోన్ అక్కా నేనూ సాక్ష్యం చెప్పాం కాబట్టి ఎనిమిది నెలలతో పోయింది. కెంగ్‌కి కూడా శిక్ష పడింది. దవడకి తీగలు కట్టించుకుని మరీ వెళ్ళాడు లోపలికి.

బున్మాకి మూడు డొక్క ఎముకలు విరిగాయి. నెల రోజులు ఆసుపత్రి. తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున ఏడింటికి అతని వాకిట్లో ఎవరుంటారా అని నేను వెళ్ళేసరికి బస్సు డ్రైవరు ఉన్నాడు, పందిమాంసం అమ్మే అతనూ ఉన్నాడు, బడిపంతులమ్మ తన తమ్ముణ్ణి తీసుకొచ్చింది. ఎవరూ పిలవలేదు. వంతులేసుకున్నారు. మంగళవారాలు నావి. లమ్యాయ్ ఎప్పటిలా అన్నం తెచ్చేది, బట్టలు తీసుకెళ్ళేది. మొగుడు జైల్లో ఉన్నది ఎవరివల్లో ఒక్కసారీ ఎత్తలేదు.

బున్మా మాత్రం మారిపోయాడు. తిట్టడం మానేశాడు. మూడు వారాలు పుల్లతో అంకెలు జరిపాడే గాని ఒక్క ఎకసెక్కెం లేదు. ఒక మంగళవారం నా వీపు మీద ఉండగా చెవిలో అన్నాడు:

“బాబాయ్. మోసేవాళ్ళు ఇంతమంది ఉన్నారని నాకు తెలీదు.”

“తెలిస్తే ఏం చేసేవాడివి?”

మెట్లన్నీ ఎక్కాక, “నన్ను జైలుకి తీసుకెళ్ళు” అన్నాడు.

మా జైల్లో ఖైదీల్ని చూడ్డానికి రెండు వరసల ఇనప జాలీ ఉంటుంది. మధ్య బారెడు ఖాళీ. ఇటు ముప్ఫై మంది, అటు ముప్ఫై మంది, అందరూ ఒకేసారి అరుస్తారు. పెళ్ళాలు, తల్లులు, పాపలు. బున్మాను బల్ల మీద కూర్చోబెట్టి వెనకనించి పట్టుకున్నాను. థవిన్ వచ్చాడు. ముఖం వాచి ఉంది, ముందు పళ్ళు రెండు లేవు.

“పళ్ళేవిరా?”

“ఇక్కడొకడికి బాక్సర్ని కొట్టాలని సరదాగా ఉందంట అన్నా.”

“తిరిగి కొట్టలేదా?”

“లేదు.”

“ఎందుకూ? ఎలాగూ ఆ మాట పోగొట్టుకున్నావుగా.”

“పోగొట్టుకున్నాలే” అన్నాడు థవిన్. “అది అడగనన్నా. నువ్వు అన్నం తింటున్నావా?”

బున్మా గొంతు సవరించుకుని ఏదో అన్నాడు. ఆ గోలలో థవిన్‌కి వినబడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టి “ఆఁ?” అన్నాడు. బున్మా మళ్ళీ అన్నాడు. మళ్ళీ “ఆఁ?” బున్మాకి కోపం వచ్చింది. విరిగిన డొక్కలతో ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచాడు:

“ఆరో కాగితం మోసంరా! కావాలని అక్కడ పెట్టా! మెత్తగా కొడితే అది రాదు! నువ్వు నన్నొదిలి పోతావని!”

పక్కనున్న వాళ్ళంతా మాటలాపి చూశారు. ఒక ముసలావిడ తన కొడుకుతో “ఉండరా, ఉండు” అంది.

థవిన్ జాలీ పట్టుకుని నిలబడ్డాడు.

“తెలుసన్నా” అన్నాడు.

“ఏం తెలుసు?”

“నల్లబంతికి తిన్నగా ఉంది. అడుగున గట్టిగా కొట్టి వెనక్కి లాగితేగాని ఆ మూలకి రాదు. మొదటి నెలలోనే తెలిసింది.”

“మరి కొట్టొచ్చుగా గాడిదా! గట్టిగా కొట్టొద్దని ఎవడన్నాడు? కాగితం మీద ఆపమన్నా, అంతే!”

“భయమేసిందన్నా.” థవిన్ తల వంచుకున్నాడు. “అంత గట్టిగా కొట్టి మళ్ళీ ఆపగలనని నాకు నమ్మకం లేకపోయింది. అందుకని మెత్తగానే కొట్టేవాణ్ణి, రోజూ. అది రాకపోయినా ఫర్వాలేదనుకున్నా.”

బున్మా భుజాలు నా చేతుల కింద కదులుతున్నాయి.

“ఆ రోజు నేను కింద పడి చూస్తూనే ఉన్నారా. నీ మోకాలు.”

“ఊఁ.”

“ఆగింది.”

“ఆగిందన్నా.”

బున్మా కుడిచెయ్యి ఎత్తాడు. ఎడమది లేవదు. నేను దాన్ని పట్టుకుని కుడిచేతికి ఆనించాను. అలా రెండు చేతులూ జోడించి, “ముందు నువ్వనరా” అన్నాడు. “మూడేళ్ళు నీ చెయ్యి చితక్కొట్టా. నీ నోటితో ముందు నువ్వు నాకను.”

థవిన్ అన్నాడు. పళ్ళు లేని నోటితో మాట సగం గాలిలో పోయింది గాని, అందరికీ వినబడింది.

ఆ తర్వాత బున్మా అన్నాడు. పెదవులు మాత్రమే కదిలాయి. థవిన్ అటువైపు నిలబడి ఎదురు చూస్తున్నాడు. అడగనన్నవాడు, ఇప్పుడు కూడా అడగలేదు.

“వినబళ్ళేదయ్యా! గట్టిగా అను!” అంది ముసలావిడ.

“అహోసి!” అని బున్మా అరిచాడు. దగ్గు తెర వచ్చింది, దగ్గుతూనే ఇంకోసారి, “అహోసి, అహోసి!”

థవిన్ అక్కడే నేల మీద మోకరిల్లి నుదురు సిమెంటుకి ఆనించాడు. మూడుసార్లు. లేచేసరికి వార్డెను కర్రతో జాలీ మీద టకటకా కొట్టాడు. టైమైపోయింది. ఖైదీలందరినీ తోసుకుంటూ తలుపు వైపు నడిపించారు. తలుపు దగ్గర థవిన్ గిర్రున వెనక్కి తిరిగి, మనుషుల తలల మీదుగా అరిచాడు:

“అన్నా! రాత్రిపూట రెండుసార్లు పక్కకి తిప్పి పడుకోబెట్టమని లమ్యాయ్‌కి చెప్పు! లేకపోతే పుండు పడుద్ది!”

“తిప్పుతోందిలేరా!” అన్నాడు బున్మా. “నువ్వు లోపలికి పో, తంతారు!”